పాత తుపాకీకి విలువ కట్టేదెవరు?

భిలాయ్ చరిత్రలో 1959 మరపురాని సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో కుదిరిన ఒప్పందం నాలుగేళ్లలో కరిగిన ఇనుమై ప్రవహించింది. ఆ ఏడాదే డిసెంబర్ 23న మరో సంఘటన జరిగింది. పార్లమెంటు ఆమోదించిన ఆయుధాల చట్టానికి రాష్ట్రపతి ముద్ర పడింది. అది 1962 అక్టోబర్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ రెండు సంఘటనలకూ నేరుగా సంబంధం లేదు. అయినా ఒక స్వతంత్ర దేశం తనను తాను నిర్వచించుకునే క్రమంలో రెండూ కీలకమైనవే. ఉక్కును మనమే తయారు చేసుకుంటామన్నది ఒక నిర్ణయం. ఆ ఉక్కు ఆయుధంగా మారినప్పుడు అది ఎవరి చేతిలో ఉండవచ్చునన్నది మరొక నిర్ణయం.

అరవై ఏళ్లు దాటిన తర్వాత నేడు ఆ ఉక్కునగరంలోని ఏ సెక్టార్ క్వార్టర్‌లోనైనా కూర్చుని, చేతిలోని ఫోనులో లండన్ వేలంశాలల జాబితాలను తిరగేయవచ్చు. టిప్పు సుల్తాన్ ఆయుధాగారంలోని చెకుముకి తుపాకీ, ఈస్టిండియా కంపెనీ సిపాయి మస్కెట్, రాజపుత్రుల వత్తి తుపాకీ అందులో కనిపిస్తాయి. ప్రతిదాని పక్కన ఒక అంచనా ధర ఉంటుంది. ఆ ధర ఎలా పుట్టింది? దాన్ని నమ్మవచ్చునా? ఈ ప్రశ్నలు సేకర్తల సరదాకు సంబంధించినవిగా కనిపిస్తాయి. లోతుకు వెళ్తే అవి మన రాజకీయ చరిత్రలోనే తేలుతాయి.

మొదట లోహం సంగతి చూడాలి. ఈ విషయంలో వేలంశాల నిపుణుడికీ, భిలాయ్‌లో ఉక్కును పరీక్షించే పనివాడికీ పెద్ద తేడా లేదు. పద్దెనిమిదో శతాబ్దపు తుపాకీ గొట్టం సాధారణంగా సాగగొట్టిన ఇనుముతో చేసినది. అలాంటి ఇనుములో కిట్టం పోగులు పోగులుగా మిగిలిపోతుంది. తుప్పు పట్టినప్పుడు కర్రలోని నార వలె గీతలు పైకి తేలతాయి. మేలురకం గొట్టాలను ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీ చుట్టూ చుట్టి, కొలిమిలో అతికి చేసేవారు. వాటి ఉపరితలం మీద అలల వంటి నమూనా కనిపిస్తుంది. సమంగా, పోగులు లేకుండా, చౌకగా ఉక్కు తయారవడం 1856లో బెస్సిమర్ పద్ధతి వచ్చాక, ఆ వెనుకనే ఓపెన్ హార్త్ కొలుములు వచ్చాక మొదలైంది. భిలాయ్ కూడా తొలి దశాబ్దాలలో ఓపెన్ హార్త్ కొలుముల్లోనే ఉక్కు వండింది. కనుక 1790 నాటిదని చెప్పే గొట్టం నేటి గొట్టపు ఉక్కులా ఏకరీతిగా ఉంటే అక్కడే అనుమానించాలి. చేతితో ఆకురాయి పట్టిన మరలకూ, యంత్రం కోసిన మరలకూ గల భేదం కూడా ఇటువంటి సాక్ష్యమే.

ఈ లోహశాస్త్రం తెలుగువారికి పరాయిది కాదు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం ఉక్కు ముద్దల కోసం పారశీక వర్తకులు వెతుక్కుంటూ వచ్చేవారు. పశ్చిమాసియాలో డమాస్కస్ కత్తులుగా పేరు పొందిన వాటికి ముడిసరుకు అందించిన కొలుములలో తెలంగాణ పల్లెలవీ ఉన్నాయి. హైదరాబాద్‌లో నేటికీ గన్‌ఫౌండ్రీ అని పిలిచే పేట, నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ కాలంలో ఫిరంగులు పోతపోసిన చోటు. రేమాండ్ 1798 మార్చిలో మరణించాడు. ఆ అక్టోబర్‌లోనే అతని ఫ్రెంచి దళాన్ని కంపెనీ సేనలు చుట్టుముట్టి, యుద్ధం లేకుండానే నిరాయుధం చేశాయి. పేట పేరు మిగిలింది. తయారు చేసే శక్తి మిగలలేదు.

లోహం తర్వాత ముద్రలు. కంపెనీ మస్కెట్ల లాక్ మీద తొలినాళ్లలో హృదయాకారపు వర్తక చిహ్నం, పందొమ్మిదో శతాబ్దంలో కిరీటం పట్టి నిలిచిన సింహం కనిపిస్తాయి. టిప్పు తుపాకుల మీద పులిచారల నమూనాలో ‘హైదర్’ అన్న అక్షరాలు, శ్రీరంగపట్నం పేరు, ఆయన ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరం ఉంటాయి. ఆ సంవత్సరపు అంకెలను కుడి నుంచి ఎడమకు చదవాలి. ఈ సంగతి తెలియని నకలుదారు అక్కడే దొరికిపోతాడు. వాయవ్య సరిహద్దులోని ఖైబర్ ప్రాంతపు కమ్మరులు బ్రిటిష్ రైఫిళ్లను అద్భుతంగా అనుకరించారు. చదువు రాని చేతులు అచ్చు చూసి చెక్కిన ఇంగ్లీషు అక్షరాలు కొన్ని తలకిందులయ్యాయి, కొన్ని అద్దంలో ప్రతిబింబంలా తిరిగిపోయాయి. విక్టోరియా రాణి 1901 జనవరిలో మరణించింది. ఆమె పేరిటి కిరీట ముద్ర కింద ఆ తర్వాతి సంవత్సరం చెక్కి ఉంటే, ఆ తుపాకీ ఏ ప్రభుత్వ కర్మాగారంలోనూ పుట్టలేదని అర్థం.

మూడోది వస్తువు ఉన్న స్థితి. గొట్టం ఒక తుపాకీది, లాక్ ఇంకొకదానిది, కర్ర మడమ నిన్నటిది అయితే దాని విలువ పడిపోతుంది. విచిత్రమేమంటే, మెరుగు పెట్టినా విలువ పడిపోతుంది. రెండు వందల ఏళ్లుగా ఇనుము మీద ఏర్పడిన గోధుమరంగు పొరను ఇసుక కాగితంతో రుద్ది తళతళలాడించిన యజమాని, తనకు తెలియకుండానే వస్తువు వయస్సుకున్న సాక్ష్యాన్ని చెరిపేసినవాడవుతాడు. ఆన్‌లైన్ వేలంలో చిక్కు ఇక్కడే ఉంది. కొనేవాడి కంటికి అందేది ఛాయాచిత్రం మాత్రమే. చేతిలో బరువు తెలియదు, గొట్టం లోపల ఎలా ఉందో తెలియదు. అందుకే అనుభవజ్ఞులు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. లాక్ లోపలి భాగం చిత్రం ఉందా? గొట్టాన్ని కర్ర నుంచి విడదీసి అడుగుభాగం చూపారా? మరమ్మతుల గురించి స్థితి నివేదిక ఏమంటోంది? ‘ఫలానా శైలిలో’, ‘ఫలానా వారిదని చెబుతారు’ వంటి మాటల వెనుక అమ్మకందారు ఎంత బాధ్యత వదిలించుకుంటున్నాడు? ఇక అంచనా ధర అనేది చాలా సందర్భాల్లో విలువకు కొలత కాదు. కొనుగోలుదారులను వేలానికి రప్పించే పిలుపు. సుత్తి దెబ్బతో ఖరారైన ధర మీద వేలంశాల ప్రీమియం అదనంగా పడుతుంది.

నాలుగోది అన్నిటికంటే బరువైనది: వస్తువు పూర్వచరిత్ర. అది ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో చూపే కాగితం. భారతీయ ఆయుధాల విషయంలో ఈ కాగితం దగ్గరే చరిత్ర మొహం చాటేయకుండా ఎదుట నిలబడుతుంది.

2015 ఏప్రిల్ 21న లండన్‌లో బోన్‌హామ్స్ సంస్థ టిప్పు సుల్తాన్‌కు సంబంధించిన 30 ఆయుధాలు, వస్తువులను వేలం వేసింది. మొత్తం దాదాపు 60 లక్షల పౌండ్లు వచ్చాయి. 40 వేల నుంచి 60 వేల పౌండ్లు పలకవచ్చునని అంచనా వేసిన ఒక చిన్న కంచు ఫిరంగి 14 లక్షల పౌండ్లు దాటింది. ఆయన స్వంత ఆయుధాగారపు వేట తుపాకీ ఒకటి 7 లక్షల పౌండ్లకు పైగా పలికింది. నాలుగేళ్ల తర్వాత, 2019 మార్చిలో, ఇంగ్లండ్‌లోని బెర్క్‌షైర్‌లో ఒక కుటుంబం అటకమీద బయటపడిన టిప్పు వస్తువులను మరో చిన్న వేలంశాల అమ్మింది. అవి ఈస్టిండియా కంపెనీ అధికారి మేజర్ థామస్ హార్ట్ వెంట ఇంగ్లండ్ చేరినవి. అందులోని వెండి తొడుగుల చెకుముకి తుపాకీ, బాయనెట్‌తో కలిపి 60 వేల పౌండ్లకు అమ్ముడుపోయింది. 2023లో బ్రిటిష్ ప్రభుత్వం ఇంకొక టిప్పు తుపాకీని దేశం దాటి పోనివ్వకుండా తాత్కాలికంగా ఆపింది. అది 1793-94లో తయారై, జనరల్ కార్న్‌వాలిస్‌కు చేరిందని చెప్పేది. దానికి కట్టిన విలువ 20 లక్షల పౌండ్లు.

ఒకే పాలకుడి పేరు, ఇంచుమించు ఒకే కాలం. ధరలు 60 వేల నుంచి 20 లక్షల దాకా. ఈ వ్యత్యాసంలో పనితనానికి వాటా ఉంది, స్థితికి వాటా ఉంది, వేలంశాల పరపతికి వాటా ఉంది. అన్నిటినీ కలిపే సూత్రం మాత్రం ఒకటే: శ్రీరంగపట్నం. 1799 మే 4న ఆ కోట కూలింది. సైన్యం కొల్లగొట్టిన సొమ్ములో పెద్ద భాగాన్ని ప్రైజ్ కమిటీ లెక్కగట్టి హోదాల వారీగా పంచింది. ఆ పంపకపు జాబితాలు, అధికారుల ఉత్తరాలు, వీలునామాలు నేడు వేలంలో ‘నిరూపిత పూర్వచరిత్ర’గా పనిచేస్తున్నాయి. దోపిడీకి రాసిన పద్దే దోచిన వస్తువుకు ప్రామాణిక పత్రమైంది. ఏ సిపాయి కూడా పద్దు రాయకుండా జేబులో వేసుకున్న వస్తువు నిజమైనదే కావచ్చు, కానీ దాని ధర తక్కువ. కొల్లగొట్టినవాడు ఎంత శ్రద్ధగా రాసుకుంటే వస్తువు అంత ఖరీదైనదవుతుంది. మార్కెట్‌కు ఇందులో నైతిక సమస్య ఏదీ కనిపించదు. బ్రిటన్ 2023లో తన జాతీయ వారసత్వమంటూ ఆపిన తుపాకీ మైసూరులో పుట్టిందన్న సంగతి కూడా ఆ ప్రక్రియకు అడ్డు రాలేదు. అదే టిప్పు పేరిట కర్ణాటక ప్రభుత్వం 2015లో జయంతి మొదలుపెట్టింది, తర్వాతి ప్రభుత్వం 2019లో దాన్ని రద్దు చేసింది. ఇక్కడ ఆయన వారసత్వం మీద వీధుల్లో వాదించుకుంటున్న సమయంలో అక్కడ ఆయన ఆయుధాలు చేతులు మారాయి.

అరుదుదనం విలువను పెంచుతుందని వ్యాపారులంటారు. భారతీయ ఆయుధాలు భారతదేశంలో ఎందుకు అరుదయ్యాయన్న ప్రశ్నకు సమాధానం వ్యాపారుల దగ్గర దొరకదు. రాయలసీమ చరిత్రలో దొరుకుతుంది. కడప ప్రాంతం హైదర్, టిప్పుల ఏలుబడి నుంచి 1792 సంధితో నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి మారింది. దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో మొదట చేపట్టిన పని పాలెగాళ్ల కోటలను, బలగాలను లేకుండా చేయడం. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో రహస్యంగా పోగుచేసిన ఫిరంగులు, మందుగుండు బయటపడ్డాయి. అంతఃపుర ప్రాంగణాలలో సైతం ఆయుధాలు దాచి ఉన్నాయి. ఆయన రాజ్యం పోయింది; తిరుచిరాపల్లికి బందీగా వెళ్లి అక్కడే హతుడయ్యాడు. 1857 తిరుగుబాటు తర్వాత ఉత్తరాదిన కోటలను కూల్చి, ఊరూరా ఆయుధాలను స్వాధీనం చేసుకునే పని ఒక యజ్ఞంలా సాగింది. గుంజుకున్న వాటిలో మేలైనవి అధికారుల ఇళ్లకు, మ్యూజియంలకు చేరాయి. మిగిలినవి విరగ్గొట్టబడ్డాయి, కరిగించబడ్డాయి.

ఈ క్రమానికి చట్టబద్ధ ముగింపు 1878లో లిట్టన్ ప్రభుత్వం తెచ్చిన ఆయుధాల చట్టం. అదే సంవత్సరం, అదే ప్రభుత్వం దేశభాషా పత్రికల చట్టాన్ని కూడా తెచ్చింది. కలం, తుపాకీ రెండింటినీ ఒకే ఏడాది కట్టడి చేయాలనుకున్న పాలన అది. పత్రికల చట్టాన్ని రిప్పన్ హయాంలో 1882లో ఎత్తివేశారు. ఆయుధాల చట్టం మాత్రం స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత కూడా పదిహేనేళ్లు బతికింది. దాని కింద భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి, ఐరోపావారికి మినహాయింపు. విధేయత చూపిన కొడగు ప్రజలకు ప్రత్యేక మినహాయింపు దక్కింది. అది నేటికీ, 2029 వరకు పొడిగింపుతో, కొనసాగుతోంది. జాతీయోద్యమం ఈ చట్టాన్ని అవమానంగా భావించింది. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానం పౌరుల ప్రాథమిక హక్కులలో, నిబంధనలకు లోబడి ఆయుధం కలిగి ఉండే హక్కును చేర్చింది. కానీ 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ అటువంటి హక్కును ప్రతిపాదించినప్పుడు సభ అంగీకరించలేదు. దేశ విభజన నెత్తురు ఇంకా ఆరని రోజులవి. ఆ నిర్ణయంలోని వివేకాన్ని తక్కువ చేయలేము. నేటి భారతీయుడికి ఆయుధం హక్కు కాదు, అనుమతి.

అరుదుదనం ఎంత పెళుసైనదో నేపాల్ చూపింది. 2003లో అమెరికా వ్యాపారులు ఖాట్మండూలోని లగన్ సిలేఖానా అనే పాత రాజభవనపు ఆయుధాగారాన్ని మొత్తంగా కొనుగోలు చేశారు. యాభై వేలకు పైగా పాత తుపాకులు ఒక్కసారిగా మార్కెట్‌లోకి వచ్చాయి. అంతవరకు సేకర్తలు పుస్తకాల్లో మాత్రమే చూసిన గహేంద్ర రైఫిల్ మధ్యతరగతి గోడల మీదికి చేరింది. అమెరికా చట్టం 1898కి, అంతకు ముందుకి చెందిన తుపాకీని పురాతన వస్తువుగా చూస్తుంది కనుక వ్యాపారం సులువైంది. ఎవరూ నిరాయుధం చేయని రాజ్యం గనుకనే నేపాల్‌లో అన్ని తుపాకులు మిగిలాయి.

భారతీయ కొనుగోలుదారుడి పరిస్థితి వేరు. విదేశీ వేలంలో బిడ్ వేయడం ఒక మీట నొక్కినంత తేలిక. తుపాకీని దేశంలోకి తేవడం కాదు. 1959 చట్టంలోని 45వ సెక్షన్ వాడుకలో లేని రకపు, పురాతన విలువ గల లేదా పాడైపోయిన ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది. షరతు ఒకటుంది: మరమ్మతు చేసినా చేయకపోయినా అది పేలే స్థితిలో ఉండకూడదు. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చారిత్రక వస్తువును దేశం వెలుపలికి ప్రైవేటు వ్యక్తులు పంపలేరు. 2019 సవరణ లైసెన్సుదారు ఉంచుకోగల తుపాకులను మూడు నుంచి రెండుకు తగ్గించింది. తాత తుపాకీని వారసత్వంగా ఉంచుకున్న కుటుంబాల ఆందోళన తర్వాత, 2020 ఫిబ్రవరి నిబంధనలు ‘క్యూరియో’ వర్గంలోని ఆయుధాలను భారత పౌరులు లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చునన్నాయి. వాటిని వాడాలన్నా, బయటికి తీసుకుపోవాలన్నా లైసెన్సు కావాలి. అంటే మన చట్టం దృష్టిలో పాత తుపాకీ గౌరవనీయం కావాలంటే అది మౌనం వహించాలి.

ఈ సూత్రం భిలాయ్‌కి దక్షిణాన, అదే ఛత్తీస్‌గఢ్‌లో, బస్తర్ అడవుల్లో ఎలా అమలవుతుందో చూడాలి. అక్కడ ఆదివాసుల ఇళ్లలో భర్మార్ అనే తుపాకీ ఉంటుంది. మూతి నుంచి మందు కూరి, ఇనుప ముక్కలు వేసి, ఊచతో దట్టించి పేల్చేది. తెలుగు మన్యంలో దాన్నే నాటు తుపాకీ అంటారు. స్థానిక కమ్మరి చేతిపని. యంత్ర సూత్రం పందొమ్మిదో శతాబ్దపు తొలి సగానిది. లండన్ జాబితాలో చేరితే దానికి గ్రామీణ కళాఖండమనే వర్ణన దక్కవచ్చు. బస్తర్‌లో అది పోలీసు స్వాధీన జాబితాలో ఏకే-47, ఇన్సాస్ రైఫిళ్ల పక్కన ఒక సంఖ్య. మావోయిస్టు దళాలు భర్మార్లను వాడిన మాట నిజం. వాటితో మనుషులు చనిపోయిన మాటా నిజం. పంటను అడవిపందుల నుంచి కాపాడుకునే రైతు చేతిలో ఉన్నదీ అదే భర్మార్. ఈ తేడాను 1959 చట్టమే గుర్తించింది. నిజంగా పంట రక్షణ కోసం మూతి నుంచి మందు కూరే తుపాకీని కోరేవారికి లైసెన్సు ఇవ్వాలని 13వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ గురించి చెప్పేవారు, దరఖాస్తు రాసిపెట్టేవారు అడవి పల్లెకు చేరకపోతే, లైసెన్సు లేని రైతుకూ ముద్దాయికీ మధ్య గీత చెరిగిపోతుంది. విలువ కట్టే పని ఇక్కడ వేలంశాలది కాదు, ఠాణాది. పొరపాటు జరిగితే పోయేది సేకర్త సొమ్ము కాదు, ఒక మనిషి స్వేచ్ఛ.

ఠాణా రికార్డుకు ఎంత చారిత్రక విలువ ఉంటుందో తెలుగువారికి ఒక ఉదాహరణ చాలు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా దాడి చేసింది. మూడు చోట్లా కలిపి 26 తుపాకులు దొరికాయి. తాము ఏమేమి తీసుకున్నదీ రాజు రాసి, సంతకం చేసి మరీ వదిలి వెళ్లాడు. శ్రీరంగపట్నంలో గెలిచినవాడు రాసుకున్న పద్దు ఒకటి, మన్యంలో తిరగబడ్డవాడు రాసిపెట్టిన పద్దు మరొకటి. ఆ 26లో ఒక్కటి ఎప్పుడైనా ఏ వేలంలోనైనా కనిపిస్తే, లోహమో పనితనమో దాని విలువను తేల్చలేవు. పోలీసు రిజిస్టరులోని సంఖ్య, గొట్టం మీది సంఖ్య ఒకటేనా అన్నదే తేల్చాలి.

అందుకే మన జిల్లాల పాత పోలీసు రికార్డులు, ఆయుధ లైసెన్సు రిజిస్టర్లు, కోర్టు స్వాధీన జాబితాలు చెదపురుగులకు ఆహారం కాకూడదు. వాటిని భద్రపరచి, పరిశోధకులకు అందుబాటులోకి తేవడానికి లక్షల పౌండ్లు అక్కర్లేదు. లండన్‌కు చేరిన వస్తువులను తిరిగి అడిగే రోజున కూడా మన చేతిలో ఉండవలసింది ఆవేశం కాదు, పత్రం. అంతవరకు మన తుపాకుల విలువను, వాటితో పాటు మన ఓటముల విలువను, ఆ పద్దు రాసుకున్నవారే నిర్ణయిస్తుంటారు.